చాట దించితేనే ఒప్పుకున్నట్టు

బీడీ కంపెనీ కోసం మా చేత చుట్టించే టేకేదారు వెంకట్రాజం, బేగం బీ తెచ్చిన బీడీ కట్టలు విప్పి చూశాడు. వంకరని కొన్ని, వదులని కొన్ని ఏరి, గుప్పెడు గుప్పెడుగా తన పక్కనున్న గంపలో వేసుకున్నాడు. పనికిరానివని నిజంగా పారేస్తే మాకింత ఏడుపు ఉండేది కాదు. సాయంత్రానికి అవే బీడీలు లేబులు అంటించుకుని బజారుకు పోయేవి. వాటికి మాకు కూలి ఉండదు. పైగా వాటికి పట్టిన తునికాకు మేమే కొని తేవాలి. బేగం బీ మొగుడు లారీ కింద పడి పోయాడు. పిల్లలంతా ఆమె ఒళ్లో చాట పెట్టుకుని చుట్టే బీడీల మీదే బతకాలి.

"సాబ్, జర మంచిగ సూడుండ్రి. గవి వంకర ఎట్లయితయి?" అందామె.

"నువ్వు నాకు నేర్పుతవా? ఇష్టముంటే సుట్టు, లేకుంటే పో. సుట్టెటోళ్లు మస్తుమంది ఉన్నరు."

మేమంతా కట్టలున్న చాటలు పట్టుకుని వరసలో నిలబడి చూశాం. ఇది మడికొండలో, ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు జరిగిన మాట.

ఆ ఎండాకాలమే శ్రామిక ఐక్య పార్టీ మా వాడకు వచ్చింది. జైలు నుంచి విడుదలైన వకీలు రాజేశ్వర్ రావు జెండా కర్ర భుజాన వేసుకుని, బేగం బీ వాకిట్లో మాతోపాటు చాప మీద కూర్చున్నాడు.

"మీ దేవుళ్లను మీ ఇండ్లల్ల మొక్కుకోండ్రి. పార్టీల మాత్రం కూలోళ్లదొక్కటే కులం, ఒక్కటే మతం," అన్నాడు. టేకేదారు తీసేసిన ప్రతి బీడీని మా కళ్ల ముందే విరగ్గొట్టాలని పట్టుబడదామన్నాడు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నాడు.

ఎవరమూ ఎత్తలేదు. ఆయన మొహం చిన్నబోయింది.

పెద్దామె సమ్మమ్మ నవ్వింది. "చేతులల్ల ఆకు, తంబాకు ఉన్నయి సారూ, ఎట్ల ఎత్తుతం? ఒప్పుకుంటే చాట కింద పెడ్తం. ఒప్పుకోకుంటే సుట్టుకుంటనే ఉంటం. గంతే."

అలా అంటూనే ఒళ్లోని చాట నేల మీదికి దించింది. వెంటనే అందరమూ దించాం. ఆకు కోసే కత్తెరల చప్పుడు ఆగిపోయింది. ఆ రోజు నుంచి మా వాడలో ఓటంటే అదే.

మర్నాడు బేగం బీ వెంకట్రాజం గంపలో చెయ్యి పెట్టి తన బీడీలు తీసి విరిచేసింది. పోలీసులొచ్చారు. రాజేశ్వర్ రావు అడ్డంగా నిలబడితే లాఠీ ఆయన నెత్తిన పడింది. చొక్కా అంతా రక్తం. ఆ రక్తం మేం చూశాం, కాదనం. వెంకట్రాజం దిగొచ్చాడు. తీసేసినవి మేమే విరిచేసే పద్ధతి వచ్చింది. స్టేషన్ ఘన్‌పూర్ దాకా ఊరూరా మా జెండా లేచింది. మునిసిపాలిటీలో మావాళ్లు గెలిచారు.

ఆ పార్టీ ఎట్లా పోయిందని ఇప్పుడు కాలేజీ పిల్లలు అడుగుతారు. పెద్ద కుట్ర ఏదో చెబుతానని ఎదురుచూస్తారు. అంత పెద్దగా ఏమీ జరగలేదు. ఆఫీసు బేగం బీ వాకిట్లోంచి రోడ్డు మీది మేడకు మారింది. అక్కడ కుర్చీలు వేశారు. కుర్చీలో కూర్చుని బీడీ చుట్టలేం కాబట్టి మేం పోవడం తగ్గించాం. తర్వాత ఓట్ల కోసం హిందువులకో కమిటీ, ముస్లింలకో కమిటీ వేశారు. హైదరాబాదులో కొత్త సర్కారు రాగానే సగం మంది అటు పోయారు. మేం రోజూ చుట్టుకుంటూనే ఉన్నాం.

ఎనభై అయిదులో రాజేశ్వర్ రావు మళ్లీ బేగం బీ వాకిట్లోకి వచ్చాడు. జీపులో వచ్చాడు, పక్కన వెంకట్రాజం ఉన్నాడు.

"వెంకట్రాజం గారు మన పార్టీల చేరుతున్నరు. ఇకనుంచి టౌను అధ్యక్షులు ఆయనే. పార్టీ నిలబడాలంటే ఇసుంటోళ్లు కావాలె. ఇగ ఆ బీడీలు విరగ్గొట్టుడు బంద్ పెట్టుకుందాం. ఏమంటరు?"

ఎవరూ చాట దించలేదు. కత్తెరలు ఆడుతూనే ఉన్నాయి.

"ఎవరూ కాదనలేదు. ఏకగ్రీవం," అన్నాడాయన. జీపులోవాళ్లు చప్పట్లు కొట్టారు.

"సారూ, చాటలు సూడుండ్రి," అంది సమ్మమ్మ.

ఆయన చూశాడు. "పని చేసుకోండ్రమ్మా, నేనేం అడ్డం రాను," అని లేచాడు. చాట దించితేనే ఒప్పుకున్నట్టన్న సంగతి పూర్తిగా మరిచిపోయాడు. నాకు కోపం కూడా రాలేదు. మొద్దుబారిన వేలికి కత్తెర తగిలినట్టు ఉంది, అంతే.

మర్నాడు వెంకట్రాజం ఇంటి మీద మా జెండా ఎగురుతోంది. కింద అదే గంప. బేగం బీ బీడీలు గుప్పెడు అందులో పడ్డాయి. ఆమె మాట్లాడకుండా వంగి, వాటిని తీసి విరిచేసింది. మళ్లీ పోలీసులొచ్చారు. ఈసారి అడ్డం ఎవరూ రాలేదు. పార్టీ ఆఫీసు నుంచి ఫోనొస్తేనే వచ్చామని జమాదారే చెప్పాడు.

పోలీసులు జీపు ఎక్కిస్తుంటే బేగం బీ నన్ను చూసింది. "కమలా, పోరగాండ్లకు ఇంత బువ్వ పెట్టు."

"పెడ్త చిన్నమ్మా. ఫికర్ జెయ్యకు."

తర్వాత వరస మొత్తాన్ని చూసి, మీటింగులో అడిగినట్టే అడిగింది. "రేపటి సంది ఎవ్వరం ఆకు ముట్టద్దు. ఏమంటరు?"

సమ్మమ్మ వంగి, కట్టలతో సహా చాటను వెంకట్రాజం గడప ముందు నేల మీద పెట్టింది. ఆమె పక్కామె పెట్టింది. ఆ వెనక నిలబడ్డ షహనాజ్ పెట్టింది. వరస చివరిదాకా చాటలు దిగుతూ వచ్చాయి. నినాదం లేదు, చేతిలో జెండా లేదు. మా జెండా ఆయన ఇంటి మీద ఉంది.

"ఏందిది? ఏం జేత్తాండ్లు మీరు?" అని వెంకట్రాజం ఒకటే అరుపు.

జీపు వెనక చువ్వలు పట్టుకుని బేగం బీ మా చాటలన్నీ చూస్తోంది. నేనూ నా చాట దించాను. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు.