సౌండు లేని సీరియల్

మా ఇంటి కాలింగ్ బెల్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కొడితే వీధి చివరి ఇంటివాళ్ళు కూడా వాళ్ళ తలుపు తీసి చూస్తారు. మా ఇంట్లోవాళ్ళు మాత్రం తియ్యరు. సాయంత్రం కూరగాయల సంచి పట్టుకుని గుమ్మం ముందు నిలబడి, కిటికీలోంచి మా అమ్మనీ, మా ఆవిడనీ చూస్తూ ఉంటాను. వాళ్ళు టీవీ చూస్తూ ఉంటారు. టీవీలో కూడా ఎవరో తలుపు కొడుతుంటే, "పాపం, తియ్యరేమిటే!" అని మా అమ్మ బాధపడుతూ ఉంటుంది.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. టీవీ చూసేవాళ్ళ మీద వ్యాపారరీత్యా నాకు ఏ కోపమూ లేదు. కాకపోతే ఇంట్లో ఎవరైనా నాలుగు మాటలు మాట్లాడుకుంటే బాగుండునని ఓ ఆశ. అన్నం దగ్గర "ఇవాళ షాపులో ఏమైందో తెలుసా?" అని మొదలుపెడితే ఇద్దరూ ఒక్కసారే "ష్!" అనేవారు. అత్తాకోడళ్ళకి మాట కలిసేది అక్కడే.

ఒకరోజు ధైర్యం చేసి అనేశాను. "ఇక టీవీ తగ్గించాలి."

"తగ్గించు నాయనా, ఎవరొద్దన్నారు? నువ్వు చూడకు," అంది అమ్మ.

"అందరం తగ్గించాలమ్మా. అన్నం తినేటప్పుడైనా కట్టేద్దాం."

"అసలు సీరియల్ వచ్చేదే అప్పుడండీ," అంది మా ఆవిడ.

చివరికి రాజీ కుదిరింది. బొమ్మ ఉంటుంది, సౌండు ఉండదు. మూగ బొమ్మని ఎంతకాలం చూస్తారు, విసుగెత్తి వాళ్ళే కట్టేస్తారని నా ఎత్తు. నా తెలివిని నేనే మెచ్చుకుని (మా ఇంట్లో ఆ పని ఇంకెవరూ చెయ్యరు) రిమోట్ జేబులో వేసుకున్నాను.

మొదటిరోజు ఎవరు ఎలా నములుతున్నదీ స్పష్టంగా వినబడింది. టీవీలో అత్తగారు సోఫాలో కూర్చుని ఏదో అంది. కోడలు తల వంచుకుంది.

"ఏమంటోంది?" అంది మా ఆవిడ.

అమ్మ ముద్ద మింగి, టీవీ అత్త పెదవులు కదిలినంతసేపూ తనే మాట్లాడింది. "ఏమమ్మా, నేను కునుకు తీస్తుంటే కిటికీ దగ్గర టేపు పెట్టి ఏం కొలుస్తున్నావు? నా మంచమా, నన్నా?"

నేను టీవీలోకి చూశాను. అక్కడ మంచం లేదు, కిటికీ లేదు. అవి రెండూ ఉన్నది మా హాల్లో.

టీవీ కోడలు తలెత్తింది. మా ఆవిడ అందుకుంది. "కొలిస్తే ఏమైంది అత్తయ్యా? లోపలి గదిలో చీకట్లో సూదిలోకి దారం ఎక్కక చస్తున్నాను. కుట్టుమిషను కిటికీ దగ్గర వేసుకుంటే నాలుగు బట్టలు కుట్టి ఇవ్వనా?"

"మరి నేనెక్కడ పడుకోను? మిషను కిందా?"

"ఆ గోడవైపు జరగండి."

"అక్కడ గాలి రాదు."

ఇలాంటి గొడవ ఒకటి మా ఇంట్లో ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఇద్దరూ టీవీ మీదనుంచి చూపు తిప్పలేదు. ప్రకటనలు రాగానే "అత్తయ్యా, ఇంకాస్త అన్నం వెయ్యనా?" అని ఈవిడ, "కొంచెం వెయ్యమ్మా," అని ఆవిడ.

విసుగెత్తడం మాట దేవుడెరుగు, ఇప్పుడు రెండు సీరియళ్ళు అదనంగా చూస్తున్నారు. పక్కింటావిడ కూడా వస్తోంది. "మా ఇంట్లో ఇదే సీరియల్ ఇంత బాగా రాదేంటండీ? మీ టీవీ ఏ కంపెనీ?" అని అడిగింది. నేను బెల్ కొట్టగానే తలుపు తీస్తున్నారు, అది ఒప్పుకోవాలి. తీసి, "తొందరగా రండి, మీ వేషం వస్తోంది," అంటున్నారు.

నాది టీవీ భర్త వేషం. అతను మాట్లాడడు. కాసేపు తల్లి పక్కన, కాసేపు భార్య పక్కన నిలబడి చెమట తుడుచుకుంటాడు. చాలా సహజంగా చేస్తున్నానని పక్కింటావిడ మెచ్చుకుంది.

ఇవాళ కొంప మునిగింది. టీవీలో ఆడవాళ్ళిద్దరూ ఒకేసారి భర్త వైపు తిరిగారు.

"ఒరేయ్, నువ్వే చెప్పు. నా మంచం జరపాలా?" అంది అమ్మ.

"చెప్పండి. ఇవాళ తేలిపోవాలి," అంది మా ఆవిడ.

కెమెరా అతని మొహం మీదకి ఎడమనుంచి ఒకసారి, కుడినుంచి ఒకసారి వెళ్ళింది. అతను నోరు తెరిచాడు. అంతలో, ఎవరు చేసుకున్న పుణ్యమో, ప్రకటనలు వచ్చాయి.

కుడిచెయ్యి అన్నంలో ఉంది, ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే క్షమించండి. మా హాల్లో ఇంకో కిటికీ ఉంది. దానికి అడ్డంగా ఉన్నది టీవీయే. టీవీ తీసేస్తే మంచానికొకటి, మిషనుకొకటి. నేను మొదటినుంచీ కోరుకున్నదీ అదే. కానీ టీవీ పోతే వీళ్ళిద్దరూ ఎవరి నోటితో మాట్లాడుకుంటారు? ఈవిడ ఒక కిటికీ దగ్గర, ఆవిడ ఇంకో కిటికీ దగ్గర, మధ్యలో నేనూ నా షాపు కబుర్లూనా?

బాబ్బాబు, కాస్త అనుభవం ఉన్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. నా నోటినుంచి ఏ మాట రావాలి? సబ్బు ప్రకటన అయిపోయింది, టూత్‌పేస్టుది నడుస్తోంది. వీళ్ళిద్దరూ నన్నే చూస్తున్నారు.