సీసాలో ఊపిరి

ఐదో పీరియడుకి టీచరమ్మ గొంతు బొంగురుపోయింది. అరవై రెండు మంది పిల్లలు. కరెంటు లేదు. పక్కనే ఉన్న రాళ్ల మిల్లు మోత కిటికీలోంచి నేరుగా లోపలికొస్తోంది. ఊపిరితిత్తుల పాఠం చెప్పడం ఇది మూడోసారి. అవి ఏం చేస్తాయని అడిగితే పుస్తకంలో వాక్యం పొల్లుపోకుండా అప్పజెప్పారు. ఎక్కడుంటాయని అడిగితే ఒకడు మోకాలు చూపించాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వాలంటే తప్పని తెలియాలి కదా!

బడి బీరువాలో ఊపిరితిత్తుల మంచి బొమ్మే ఉంది. పిల్లలు ముట్టుకుంటే పాడవుతుందని, తనిఖీ వస్తే తప్ప హెడ్మాస్టరు బయటికి తీయడు. ఆ సాయంత్రం ఇంటి దగ్గర ఆమె రెండు ప్లాస్టిక్ సీసాలకు అడుగు కోసింది. ఒక్కోదాంట్లో రెండేసి బుడగలు వేలాడదీసి, అడుగున రబ్బరు సాగదీసి కట్టింది. రెండో సీసాలోని బుడగలకు మాత్రం జిగురు రాసి, మిల్లు గోడ పక్కనుంచి ఎత్తుకొచ్చిన రాతిపొడి అద్ది ఆరబెట్టింది.

మర్నాడు మొదటి సీసా రబ్బరు కిందికి లాగగానే లోపలి బుడగలు ఉబ్బాయి. పిల్లలు తెల్లబోయి చూశారు. రెండోది ఎంత లాగినా ఉబ్బలేదు.

ఆ మిల్లులో రాళ్ల పాలిషు మిషను మీద పనిచేసే కూలీ కూతురు లేచి నిలబడింది. పిట్టంత పిల్ల, అందరూ పిచ్చుక అనే పిలుస్తారు.

"టీచర్, మా నాన్న లోపల ఇట్లాగే ఉందా?"

ఆ ప్రశ్నకు ఆమె సిద్ధపడి రాలేదు. "అందరికీ అలా అవదు తల్లీ. పొడి లోపలికి పోనివ్వని మాస్కులుంటాయి. పనిలో అవి పెట్టుకోవాలి" అంది.

నాలుగో రోజు బడి వదిలే వేళకి ఆ తండ్రి వచ్చాడు. కనుబొమల మీద కూడా తెల్లటి పొడి పేరుకునుంది.

"ఆ సీసాలు ఓసారి చూపించండమ్మా. మాస్కు మాస్కు అని మా పిల్ల ముద్ద దిగనివ్వట్లేదు."

చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్లు ముడుచుకు కూర్చుని, మొదటి సీసా లాగి చూశాడు. తర్వాత రెండోది. మళ్లీ రెండోదే లాగాడు.

"పొగ మానెయ్యమన్నాడు డాక్టరు. జన్మలో బీడీ ముట్టలేదంటే నమ్మలేదమ్మా" అన్నాడు. సీసా బెంచీ మీద పెట్టి, "పొద్దున పన్నెండుమందిమి పోయి మాస్కులడిగాం. నాలుగు టీల ఖరీదు కూడా ఉండదొక్కోటి. ఎవరు నేర్పార్రా మీకివన్నీ అన్నాడు యజమాని" అన్నాడు.

అంతలో హెడ్మాస్టరు వరండాలోంచి ఆమెను పిలిచాడు. ఎనిమిది నెలల్లో రిటైరయ్యే మనిషి. ముఖంలో కోపం లేదు, అలసటే ఉంది.

"చూడమ్మా, నెత్తిమీద ఈ రేకులు మిల్లాయన వేయించినవే. పొద్దున్నుంచి మూడుసార్లు ఫోను చేశాడు. సీసాలో చూపించింది పొరపాటని రేపు పిల్లలకి చెప్పెయ్యి. పుస్తకంలో ఉన్నది చదివించు, చాలు. నీదా, ఏటా నేను రాసిస్తేనే నిలిచే ఉద్యోగం."

ఆమెకు కాళ్లు లాగేస్తున్నాయి. ఇంటికెళ్లి నడుం వాల్చాలనుంది. తొమ్మిది వేల జీతం, దాని మీద ఆధారపడ్డ తల్లి, చెల్లెలు. సరేనంటే అయిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.

గుమ్మంలోంచి తండ్రి గొంతు వినిపించింది. "పొరపాటాండీ సారూ? అయితే ఏది నిజమో మీరు చూపించండి."

హెడ్మాస్టరు అతని వైపు చూడలేదు.

"నేను చెప్పను సార్" అంది టీచరమ్మ.

"ఏంటమ్మా?"

"పొరపాటని చెప్పను. మీరే వచ్చి చెప్పుకోండి, పిల్లల ముందు."

హెడ్మాస్టరు తన గదిలోకి వెళ్లిపోయాడు. లోపల అప్పటికే ఫోను మోగుతోంది.

"రేపు ఇంకో ఇద్దర్ని తీసుకొస్తానమ్మా, వాళ్లూ ఈ సీసాలు చూస్తారు" అని తండ్రి బయల్దేరాడు. ఆ బడికి ఉన్నవి ఆరే మెట్లు. మూడో మెట్టు మీద ఆగి, గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి అందేదాకా అలాగే నిలబడ్డాడు. పైన ఆమె కూడా నిలబడే ఉంది.