బావంచి నూనె

మా ఆవిడ దేవకుమారి లైటు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. రాజమండ్రిలోని ఆ చర్మవ్యాధుల ఆసుపత్రికి వెలుగు వైద్యం కోసం మేం రావడం అది తొమ్మిదోసారి.

ఆవిడకి సోరియాసిస్. వీపంతా, తొడలంతా ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లగా రాలే పొట్టు. మొదటిరోజే డాక్టరు రెబెక్కాగారు రెండు రకాల వెలుగు వైద్యాల గురించి చెప్పారు. ఒకటి మాత్ర వేసుకున్నాక పెట్టే వెలుగు. మొండి మచ్చల మీద గట్టిగా పనిచేస్తుంది కానీ ఆ రోజంతా ఎండ తగలకూడదు, నల్ల కళ్ళద్దాలు తీయకూడదు. రెండోది మాత్ర అక్కర్లేని వెలుగు. వారానికి మూడుసార్లు రావాలి, ఓపిక పట్టాలి. కడియం నర్సరీలో కలుపు తీసే మనిషిని ఎండలోకి వెళ్ళొద్దంటే ఎలా? రెండోదే ఎంచుకున్నాం.

ఓపిక నాకెక్కడిది? ఎనిమిదిసార్లు వెలుగు పెట్టినా మచ్చలు అలాగే ఉన్నాయి. నేనూ నర్సరీ మనిషినే. ఇరవై ఏళ్ళుగా మొక్కలకి అంట్లు కడుతున్నాను. ఏ ఆకు దేనికి పనికొస్తుందో జీవరాజునడగండి అంటారు మా దగ్గర. ఆ పొగరే కొంప ముంచింది. చర్మానికి మంచిదని మందు మొక్కల మడిలోంచి బావంచి గింజలు కోసుకొచ్చి, నూరి, కొబ్బరినూనెలో కాచి, ఆవిడ రోజూ రాసుకునే సీసాలోనే పోశాను. మొన్న సాయంత్రం, నిన్న రాత్రి, ఈ ఉదయం నేనే నా చేత్తో రాశాను. నాటుమందంటే ఒప్పుకోదని చెప్పలేదు. ఇందాక సిస్టరు ఒంటికేమైనా రాశారా అని అడిగితే, పాపం, కొబ్బరినూనేనండీ అంది. నేను పక్కనే నిలబడి నోరు మెదపలేదు.

డాక్టరుగారి గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఎవరో పెద్దాయన అడుగుతున్నాడు.

"ఆ మాత్రెందుకండీ? లైటొక్కటే పెట్టేస్తే పోలే?"

"ఆ వైద్యంలో మాత్రే ముఖ్యమండీ. అది ఒంట్లోకెళ్తేనే చర్మం వెలుగుని పట్టుకుంటుంది. లెక్క తప్పితే బొబ్బలెక్కుతుంది. పూర్వం బావంచి గింజలు రాసి ఎండలో కూర్చోబెట్టేవారు చూడండి, వాటిలో ఉండేదీ ఈ జాతి మందే. అలా ఒళ్ళు కాల్చుకుని వచ్చినవాళ్ళని చూశాన్నేను."

చేతులు చూసుకున్నాను. నిన్నంతా ఎండలో పనిచేసిన వేళ్ళ పైభాగం కందిపోయి ఉంది. రాత్రి నుంచీ మంటగా ఉంటే ఎరువు తగిలిందేమో అనుకున్నాను. అదే నూనె ఆవిడ వీపుకీ, తొడలకీ ఉంది. బట్టల చాటున ఎండ తగల్లేదు కాబట్టి ఈ రెండు రోజులూ ఏమీ కాలేదు. ఇప్పుడు ఆవిడ ఒంటి మీద నూలుపోగు లేకుండా ఆ గొట్టాల దీపాల మధ్య నిలబడి ఉంది.

పరుగెత్తి తలుపు దబదబా బాదాను.

"లైటు ఆపండమ్మా! ఆపండి!"

సిస్టరు ఆశాజ్యోతి అడ్డం వచ్చింది. "లోపల ఆడమనిషుంటే ఏంటండీ ఆ బాదడం?"

"నూనె... బావంచి నూనె..." అన్నాను. ఆ అమ్మాయి నా మొహం చూసి ఏమనుకుందో గబుక్కున స్విచ్చి ఆపేసింది. మూడు నిమిషాల వెలుగులో రెండు నిమిషాలు అప్పటికే అయిపోయాయి.

డాక్టరుగారు ఆవిడ వీపు చూశారు. నా వేళ్ళు చూశారు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకంత భయం వేసేది కాదు.

"ఇది మాత్రతో ఇచ్చే వెలుగు కాదు, అదొక్కటే కాస్త నయం. అయినా కాలదని చెప్పలేనండి. కాలితే ఇప్పుడే తెలీదు, రెండు మూడు రోజులు పడుతుంది. సబ్బుతో బాగా కడుక్కోమనండి. ఎండ మాత్రం అస్సలు తగలకూడదు. పొద్దుగూకేదాకా ఇక్కడే కూర్చోండి."

లోపలి వరండాలో కూర్చున్నాం. ఆవిడ కడుక్కుని వచ్చి, ఒళ్ళంతా చీర కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. పది నిమిషాలకోసారి "మండుతోందా?" అని అడుగుతున్నాను. "లేదండీ" అంటోంది. ఎన్నిసార్లు లేదన్నా నాకు బొబ్బలే కనిపిస్తున్నాయి. ప్రార్థన చేసుకుందామంటే మాట రాలేదు. చేసినవాణ్ణి నేనైతే ప్రభువుని ఏమని అడగను?

"నన్ను తిట్టు కుమారీ," అన్నాను చివరికి.

"మొన్ననే నూనె వాసన తేడాగా అనిపించింది," అంది ఆవిడ.

అంత భయంలోనూ నాకు కోపం ముంచుకొచ్చింది. "మరి అడిగి చావచ్చు కదా! అడిగుంటే అప్పుడే మానేసేవాణ్ణి!"

ఆవిడ ఇటు తిరిగింది.

"ఈ జబ్బొచ్చి ఏడాదైంది. మీరు నా వీపు మీద చెయ్యేసింది మొన్నే. అడిగితే తీసేస్తారేమోనని ఊరుకున్నాను."