కోత లోతు

గ్రైండర్ కాలి కింద అట్టముక్క మడిచి పెట్టడం జ్యోతిర్మయికి రోజూ ఉండే పని. ఆ కాలి బోల్టు ఊడిపోయి ఏడాది దాటింది. అట్ట లేకపోతే గ్రైండర్ దడదడలాడుతూ వంటగదంతా తిరుగుతుంది. హాల్లో సీరియల్ వినబడక అత్తగారు నాంచారమ్మ విసుక్కుంటుంది. కొత్త బోల్టు జ్యోతిర్మయి ఎప్పుడో కొని తెచ్చింది. అది పోపుల డబ్బా పక్కనే ఉంది. అంత బరువున్న గ్రైండర్ని ఒకరు కాలి దగ్గర ఎత్తి పట్టుకుంటేగాని ఇంకొకరు బోల్టు బిగించలేరు. పట్టుకోమంటే భర్త వాసు "అట్టతో నడుస్తోందిగా" అంటాడు. నడవక ఏం చేస్తుంది? రోజూ వంగి అట్ట పెట్టే మనిషి ఉన్నంతకాలం ఏదైనా నడుస్తుంది.

ఆ సాయంత్రం పప్పు రుబ్బుతుంటే ఫోన్ మోగింది. "సరే బావా, నేను చెప్తాలే" అంటున్నాడు వాసు. ఆ బావ వెంకటాద్రి. చుట్టరికమేం లేదు, టీ కొట్టు దగ్గర కలిసిన వరస. బందరు శివార్లలో ఇనుము కోసే మిల్లింగ్ మెషిన్లు తయారుచేసే షెడ్డు అతనిది. జ్యోతిర్మయి అక్కడే పనిచేస్తుంది. డిప్లొమా చదివింది, తయారైన ప్రతి మెషిన్నీ పరీక్షించేది ఆమే. ఆమె పని గురించి ఆమె యజమాని ఆమె మొగుడితో మాట్లాడుతున్నాడు. ఆమె మాత్రం పక్క గదిలో పప్పు తోస్తోంది. ఒళ్లు మండింది జ్యోతిర్మయికి.

సంగతి ఆమెకి తెలుసు. కొత్త మెషిన్ అరుస్తోంది. ముందు ఊరికే తిప్పి, కట్టరు బిగించే తల మీద మీటరు ఆనించి అదురు ఎంతుందో చూస్తారు. తర్వాత ఇనపదిమ్మె బిగించి, కోత లోతు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతారు. ఎక్కడో ఒకచోట కట్టరు కోయడం మాని దిమ్మెని కొట్టడం మొదలుపెడుతుంది. పుస్తకాల్లో దానికేదో పేరుంది, షెడ్డులో మాత్రం అందరూ అరుపనే అంటారు. మూడు మిల్లీమీటర్ల దాకా కోస్తుందని కొనేవాళ్లకి చెప్పిన మెషిన్, ఒకటి దాటకుండానే అరిచింది. తల కూర్చునే జాయింటు సరిగా కుదరలేదని, విప్పి మళ్లీ గీకించి సమం చేయించాలని ఆమె మూడు రోజులుగా చెబుతూనే ఉంది.

వాసు వంటగది గుమ్మంలోకి వచ్చాడు. రేపు మెషిన్ చూడ్డానికి పార్టీ వస్తోందట, లోతు తగ్గించి కోయించి చూపిస్తే సరిపోతుందట. "అరుపు వినపడదు, ఆయనా సంతోషంగా వెళ్తాడు. నీకేంటంత పంతం? నువ్వు కాస్త తగ్గితే ఇంట్లో కూడా గొడవలుండవు" అన్నాడు.

తగ్గు. పెళ్లయిన కొత్తలో నవ్వు తగ్గించమన్నారు. తర్వాత గొంతు. షెడ్డు నుంచి వచ్చేసరికి ఆలస్యమవుతోందని పనిగంటలు, పుట్టింటి ఖర్చని పండక్కి వెళ్లడాలు. అన్నీ తగ్గించాక, "మా కోడలు చాలా నెమ్మది" అని నాంచారమ్మే నలుగురిలో చెప్పుకుంది. ఆ మాట విని తను సంతోషపడిన రోజులు కూడా ఉన్నాయని గుర్తొచ్చి జ్యోతిర్మయికి తన మీద తనకే కోపం వచ్చింది.

మర్నాడు వచ్చిన దైవాధీనం చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకి అచ్చులు చేసే మనిషి. అచ్చు మీద కట్టరు గీతలు అలల్లా పడితే, ఆ అచ్చులో పుట్టిన ప్రతి బిళ్ల మీదా అవే అలలు. వెంకటాద్రి ఆమెని చూపించి, "మా అమ్మాయేనండీ, టెస్టింగూ అదీ చూస్తుంటుంది" అని, ఆమె వైపు తిరిగి టీలు పెట్టమన్నాడు. ఆ షెడ్డులో పదిమంది మగవాళ్లున్నారు. టీ పెట్టడం ఒక్కరికీ రాదు కాబోలు.

ఆమె టీలు తెచ్చేసరికి ఆపరేటర్ జీవరత్నం పైపైన కోయిస్తున్నాడు. మెషిన్ బుద్ధిగా ఉంది. దైవాధీనం తల ఊపుతున్నాడు. జ్యోతిర్మయి పళ్లెం బల్ల మీద పెట్టి, జీవరత్నాన్ని ఆపమని, చక్రం మీద చెయ్యేసి లోతు మూడుకి తిప్పింది.

"కొంచెం తగ్గించమ్మా" అన్నాడు వెంకటాద్రి, నవ్వు మొహంతోనే.

"తగ్గించి కోస్తే ఏ మెషినైనా నోరు మూసుకునే ఉంటుందండీ. దాని సంగతి పూర్తి లోతులోనే తెలుస్తుంది."

కట్టరు మళ్లీ దిమ్మెని తాకగానే మెషిన్ అరిచింది. బల్ల మీది గ్లాసులు పళ్లెంలో గలగలలాడాయి. దైవాధీనం దిమ్మె మీద వేలు పెట్టి రాసి చూశాడు, బాగుచేశాక కబురు చేయమని చెప్పి, టీ తాగకుండానే వెళ్లిపోయాడు. ఆమె వైపు కనీసం చూడను కూడా లేదు.

"మీ ఆయనకి చెప్పానే, నీకు చెప్పలేదా?" అన్నాడు వెంకటాద్రి.

"మెషిన్ బాగోలేదని నేను మీకు చెప్పానండీ. మా ఆయనకి కాదు."

రేపట్నుంచి రానక్కర్లేదన్నాడతను. అయినా ఆమె గొంతు తగ్గలేదు. "జాయింటు విప్పి గీకించండి. మళ్లీ పరీక్షకి పిలవాలనుకుంటే నన్ను పిలవండి. వాసుని కాదు" అని సంచి తీసుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి వెంకటాద్రి ఫోన్ ఆమెకంటే ముందే వచ్చేసింది. వాసు ఏదో అంటున్నాడు, నాంచారమ్మ వంత పాడుతోంది. జ్యోతిర్మయి గ్రైండర్ కింద అట్టముక్క లాగి చెత్తబుట్టలో పారేసి స్విచ్ వేసింది. ఇల్లంతా దడదడలాడింది.

"ఏంటా మోత? తగ్గించు ముందు" అంటూ వాసు వంటగదిలోకి వచ్చాడు.

ఆమె స్విచ్ ఆపి, పోపుల డబ్బా పక్కనున్న బోల్టు, స్పానరు చేతిలోకి తీసుకుంది.

"తగ్గించడం అయిపోయిందండీ. ఇలా వచ్చి కాలు పట్టుకోండి."

హాల్లోంచి "ఏం పట్టుకోమంటోందిరా?" అని నాంచారమ్మ అరిచింది. వాసు కిందికి వంగేదాకా జ్యోతిర్మయి స్పానరు పట్టుకుని అలాగే నిలబడింది.