జానెడు లోతు సముద్రం

ఆ పంటి వైద్యశాలలో పొద్దు ఎప్పుడూ ఒకే వరసలో మొదలయ్యేది. డాక్టరమ్మ లోపలి గదిలో పరికరాలను ఆవిరి పెట్టెలో సర్దేది. వదిన ముందు బల్ల దగ్గర కూర్చుని, ఫోనులో ఎవరినో "రండి రండి, నొప్పేం ఉండదు" అని నమ్మబలికేది. రోగులు కూర్చునే గదిలో అన్నయ్య గాజుతొట్టి మీద దీపం వేసి, ఒక్క చుక్క నీరు తీసి ఉప్పు కొలిచే గొట్టం అద్దం మీద వేసి, కిటికీ వైపు తిరిగి, గొట్టం లోపలి గీత ఎక్కడుందో ఒంటికన్నుతో చూసేవాడు. ఆ తరువాత వచ్చే మాట కోసం డాక్టరమ్మ చెవి, ఆమె ప్రమేయం లేకుండానే, తలుపు వైపు సాగేది.

"మళ్ళీ పెరిగింది," అన్నాడు అన్నయ్య.

"నిన్న తగ్గిందన్నావుగా?"

"నిన్న తగ్గింది, ఇవాళ పెరిగింది. నా చేతుల్లో ఏముంది?"

"బకెట్టుంది. బకెట్టు పట్టుకునేది నువ్వేగా అన్నయ్యా!"

వదిన ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టింది. "పొద్దున్నే మొదలెట్టారా అన్నాచెల్లెళ్ళు? అవతలివాళ్ళు లోపల పన్ను పీకుతున్నారనుకుంటారు."

అన్నయ్య ఒకప్పుడు ఓడల ఇంజన్లు బాగుచేసే కార్ఖానాలో పనిచేశాడు. అది మూతపడిన తరువాత ఆయన చేపట్టని పని లేదు, ముగించిన పనీ లేదు. మేడ మీద సగం పడవ ఉంది. అటక మీద తీగల్లేని వాయులీనం ఉంది. పెరట్లో, ఒక్క తేనెటీగైనా తొంగిచూడని తేనెపెట్టెలున్నాయి. అందుకే ఆయన సముద్రపు తొట్టి పెడతానన్నప్పుడు ఇంట్లో ఎవరూ ఔననలేదు, కాదననూ లేదు. "ఇది కూడా మధ్యలో ఆగిందా, ఇంక నన్ను ఏ పనికీ పిలవొద్దు" అని ఆయన నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వులో ఎవరూ పాలుపంచుకోలేదు.

తొట్టి ఆలోచనలో మాత్రం తర్కం లేకపోలేదు. మామూలు తొట్లు నిలువుగా, లోతుగా ఉంటాయి. ఎదురుగా నిలబడి చూడాలి. "పన్ను నొప్పితో వచ్చినవాడు తలెత్తడు చెల్లాయ్, దవడ పట్టుకుని నేల చూపులు చూస్తుంటాడు. వాడి చూపు పడేచోటే సముద్రం ఉండాలి," అన్నాడాయన. అందువల్ల వెడల్పు ఎక్కువగా, లోతు జానెడుగా, పత్రికలు పెట్టే పొట్టి బల్ల ఉన్న చోట, పైనుంచి వంగి చూసేటట్టు తొట్టి వచ్చింది. ఆధారం లేని మాట దేన్నీ ఒప్పుకోని డాక్టరమ్మ ఈ వాదాన్ని ఖండించలేకపోయింది. పత్రికలు మాత్రం ఎక్కడ పెట్టాలో తేలక మూలన పడ్డాయి, అదొక చికాకు.

ఇసుక పరిచాక రాళ్ళు పేర్చే పని వచ్చింది. కోటల గురించి రాసినవాళ్ళు ముట్టడుల గురించి విస్తారంగా రాశారు గాని, మొదటి రాయి ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఇళ్ళలో జరిగిన యుద్ధాలను నమోదు చెయ్యలేదు. అన్నయ్య మొదట రాళ్ళన్నిటినీ వెనక అద్దం వెంబడి వరసగా నిలబెట్టాడు.

"ఇది పగడపు దిబ్బా, ప్రహరీ గోడా?" అంది డాక్టరమ్మ. "శత్రువులెవరన్నయ్యా, నత్తలా?"

ఆయన ఉడుక్కుని అన్నీ తీసి నడిమధ్యన కుప్పపోశాడు.

"ఇప్పుడు సమాధిలా ఉంది."

"అయితే నువ్వే పేర్చు తల్లీ! పళ్ళ వరస సర్దినట్టు సర్దు!"

చివరికి వదిన వచ్చి, చేతులు మోచేతి దాకా ముంచి, పెద్ద దిబ్బను ఒక పక్కకూ చిన్న దిబ్బను మరో పక్కకూ లాగి, నడుమ తెల్లటి ఇసుక కాలువ వదిలింది. "నీళ్ళు తిరగడానికి దారుండాలి. మూలన మురికి పేరుకుంటే ఎవరు తీస్తారు, నేనా?" అంది. కాలువ మొదట ఒక పలక రాయిని ఏటవాలుగా ఆనించి, "దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకండి," అని చెయ్యి తుడుచుకుంది. మిగతా రాళ్ళను అన్నయ్య జిగురుముద్దతో అతికించాడు. వారాల తరబడి ఉత్త నీళ్ళూ రాళ్ళూ దీపమూ మాత్రమే ఉండి, రాళ్ళు నాని, నీరు కుదురుకుని, తొట్టి జీవానికి యోగ్యమైంది. అంతవరకూ ఆయన ఓపిక పట్టడమే ఒక చరిత్ర.

అప్పుడు ఉప్పు పెరగడం మొదలైంది.

నీరు ఆవిరైతే ఉప్పు మిగిలిపోతుంది కనుక, తరిగిన మేరకు శుద్ధి చేసిన మంచినీరు పోయాలి. అక్కడ ఉప్పునీరు పోస్తే కొత్తవాళ్ళు చేసే తప్పే చేసినట్టు. డాక్టరమ్మ అన్నయ్యనే అనుమానించింది. చేపల దుకాణం ఆయన వచ్చి, వేలు ముంచి, నాలుక మీద వేసుకుని తల అడ్డంగా ఊపాడు.

"ఇది పోసిన ఉప్పు కాదండీ, మింగిన మాటల ఉప్పు. చుట్టుపక్కల ఎవరైనా చెప్పాల్సిన మాట మింగేస్తే నీళ్ళలోకి దిగుతుంది. లోతు తొట్లలో తెలీదు, నీళ్ళెక్కువ కాబట్టి కలిసిపోతుంది. మీది జానెడేగా, మర్నాటికే గీతలో కనబడుతుంది."

"ఆ సంగతి ముందే చెప్పొద్దూ?" అంది డాక్టరమ్మ విసుగ్గా.

"మీరు పళ్ళ డాక్టరని నాకేం తెలుసమ్మా! నోట్లో దూది కుక్కించుకుని కూర్చునే చోట ఇంక మాటలు మింగక ఏం చేస్తారు? ఆవిరికి మూత పెట్టండి, మాటలకు అడిగి చెప్పించండి."

డాక్టరమ్మ కొలిచి చూసింది. ఆయన చెప్పింది కొలతకు నిలబడింది. ఉన్న పనులకు ఇంకో పని తోడయిందని నిట్టూర్చి, రోగి కుర్చీ దిగి వెళ్ళేముందు తొట్టి దగ్గర ఆగి మింగిన మాట చెప్పి వెళ్ళాలని నియమం పెట్టింది.

ఆ నియమం వల్ల ఉప్పు తగ్గింది, ఆమె పరువూ తగ్గింది. తాళాలు బాగుచేసే ఆయన దవడ రుద్దుకుంటూ, "మత్తు ఎక్కలేదని చెప్పబోయానమ్మా. మీరు 'బాగుందా, బాగుందా' అంటూనే దూది కుక్కేశారు. బాగోలేదు!" అన్నాడు. ఒక ముసలావిడ, "పని చేసేటప్పుడు నువ్వు కూనిరాగం తీస్తావే, అది నొప్పి కంటే బాధగా ఉంది తల్లీ," అని నెమ్మదిగా చెప్పి వెళ్ళింది. ముందు బల్ల దగ్గర వదిన పొట్ట పట్టుకుని నవ్వింది.

గీత ఉండాల్సిన ముప్పై ఐదుకు దిగింది. అన్నయ్య సంబరంగా పగడాలు తెచ్చాడు. పుట్టగొడుగుల్లాంటివి కొన్ని, గుండీల్లాంటివి కొన్ని, రాళ్ళ మీద అతికించాడు. అవి పిడికిలి బిగించినట్టు ముడుచుకుని ఉన్నాయి. "కొత్తచోటు కదా, రేపు విప్పుకుంటాయి," అన్నాడు. మర్నాడూ విప్పుకోలేదు. గీత మళ్ళీ పైకి పాకింది. ఉప్పునీరు కొంత తీసి మంచినీరు పోశారు. పొద్దుటికి మళ్ళీ అంతే.

"ఇలాగే ఉంటే కరిగిపోతాయండీ," అన్నాడు దుకాణం ఆయన ఫోనులో. "అలాగని ఒక్కసారే నీళ్ళు పోసి దించకండి, అప్పుడూ చస్తాయి. ఆ మాటేదో చెప్పించండి."

ఆ మాట ఎవరిదో సెలవు రోజున తేలింది. లేదా, ఎవరిది కాదో తేలింది. ఆ రోజు వైద్యశాలకు ఎవరూ రాలేదు. వీధి తలుపు గడియ తియ్యలేదు. అయినా సాయంత్రానికి గీత పెరిగింది. అంటే రోగులు నిర్దోషులు. వెనక వాటాలో కాపురముండే ముగ్గురే మిగిలారు.

డాక్టరమ్మ మిగతా ఇద్దరినీ తొట్టి దగ్గర కూర్చోబెట్టి, తానూ కూర్చుంది. "ఎవరి కడుపులో ఏముందో కక్కండి. నాకు ఓపిక లేదు."

"నువ్వే మొదలెట్టు," అన్నాడు అన్నయ్య.

"సరే. ఆ పడవ నాకు మొదట్నుంచీ నచ్చలేదు. మేడ మీద పడవేంటి, ప్రళయమేమైనా వస్తుందా?"

"నీ కూనిరాగం గురించి ఆ ముసలావిడ చెప్పింది అక్షరాలా నిజం. అయిందా?"

"అయింది. వదినా, నువ్వు?"

"నేనా? నా కడుపులో ఏ మాటైనా పట్టుమని పూట నిలుస్తుందా? మీ ఇద్దరితో నా ప్రాణం విసిగిపోయింది. ఇదీ నా మాట. చాలా?"

గీత వెంట్రుకవాసి దిగింది. మర్నాడు రెట్టింపు ఎక్కింది.

డాక్టరమ్మకు ఒళ్ళు మండింది. నిందితుడు ఎప్పుడూ పాతవాడే అన్నట్టు, తిన్నగా అన్నయ్య మీద పడింది. "నీకు దీన్ని వదిలేయాలనుంది. ఆ మాట నోట్లోంచి రావట్లేదు. అవునా, కాదా?"

అన్నయ్య బకెట్టు కింద పెట్టాడు. ఆయన మొహంలో కోపం కంటే అవమానం ఎక్కువ కనిపించింది. "వదిలేయాలనిపిస్తే నోరు మూసుకునే రకమా నేను? పడవ వదిలేసిన రోజు వీధి వీధంతా వినేటట్టు అరిచానా లేదా? వాయులీనం అటకెక్కించేటప్పుడు దాన్ని తిట్టానా లేదా? ఈసారి ఒక్క మాటైనా అన్నానా?"

అనలేదు. ఆ సాక్ష్యం కాదనలేనిది. ఈయన జీవితంలో ఏ పనినీ నిశ్శబ్దంగా వదల్లేదు. ఇక తన సంగతి. తాను మాట దాచుకోలేని మనిషని ఊరంతా ఏకగ్రీవంగా ఫిర్యాదు చేస్తుంది. అప్పుడు తట్టింది డాక్టరమ్మకు. ముగ్గురిలో అందరికంటే ఎక్కువ మాట్లాడే మనిషిని, మాట్లాడుతుంది కదా అని, లెక్కలోంచి తీసేసింది తానే.

ముందు బల్ల దగ్గర వదిన టీ కప్పు పక్కన పెట్టుకుని చల్లారనిస్తోంది. పొగలు కక్కితే తప్ప తాగని మనిషి, ఈమధ్య చల్లార్చి తాగుతోంది. బిస్కట్టు కూడా ముంచి మెత్తబడ్డాక ఎడమ పక్కనే నములుతోంది. ఇవన్నీ డాక్టరమ్మ చూసింది. చూసి, టీ వృథా చేస్తోందని విసుక్కుంది కూడా. దారిన పోయేవాడు ఒక పక్క నమిలితే ఆపి అడిగే తాను!

"వదినా, లోపలికి రా. కుర్చీలో కూర్చో."

"ఇప్పుడా? ఫోను మోగితే?"

"మోగనీ. నోరు చూడాలి."

"నా నోరు చూసేదేముందమ్మా, రోజంతా వింటూనే ఉన్నావుగా?" వదిన నవ్వబోయింది. ఆడపడుచు నవ్వకపోవడం చూసి, లేచి వచ్చి, దీపం కింద కూర్చుంది. కుర్చీ చేతుల్ని పట్టుకుంది.

"నాలుక పక్కన పుండు," అంది చివరికి, తెరిచిన తలుపు వైపు చూస్తూ. "కుడి పక్క. వారాలైంది, మానట్లేదు."

"వారాలా? మానని పుండుంటే వెంటనే చూపించుకోవాలని..."

"తెలుసు. ఆ మాట రాసిన బొమ్మ గోడకి అతికించింది నేనేగా. రోజూ అందరికీ చదివి చెప్పేదీ నేనే."

"మరి నాకెందుకు చెప్పలేదు!" అంది డాక్టరమ్మ.

"నీకు చెబితే మీ అన్నయ్యకు తెలుస్తుంది. తెలిస్తే ఈ తొట్టి అక్కడికక్కడ వదిలేసి నా వెంట ఆసుపత్రుల చుట్టూ తిరుగుతాడు. నా కోసం వదిలేశానంటాడు గానీ, వదిలేసినవాడు వదిలేసినవాడే కదమ్మా. ఒక్కటి, ఒక్కటైనా పూర్తి చెయ్యనీ అనుకున్నా. పగడాలు విప్పుకున్న రోజు చెబుదామనుకున్నా." ఆమె మళ్ళీ తలుపు వైపు చూసింది. "భయం కూడా వేసిందిలే."

డాక్టరమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. తిట్లు తరువాతకు వాయిదా వేసింది. చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, అద్దం పుల్ల అందుకుంది. నాలుక అంచున గట్టి అంచులతో తెల్లటి మచ్చ, నడుమ ఎర్రగా. ఆమె మొహం మారకుండా ఉంచుకోవాలని చూసింది. వదిన ఆ మొహాన్నే చూస్తోంది.

పక్క గదిలోంచి అన్నయ్య కేక వినిపించింది. "చెల్లాయ్! తగ్గుతోంది! నేనేం పొయ్యలేదు, దానంతటదే తగ్గుతోంది!"

"ఆయన్ని పిలువు," అంది వదిన. "మళ్ళీ పెరగకముందే."

ముక్క తీసి పరీక్షకు పంపారు. అనుమానించినట్టే అది రాచపుండని తేలింది; దాని వేళ్ళు మాత్రం ఇంకా పాకలేదు. "సరైన వేళకు వచ్చారు. ఇంకో ఋతువు గడిచి వచ్చుంటే ఈ మాట ఇంత తేలిగ్గా చెప్పగలిగేవాణ్ణి కాదు," అన్నాడు కోత చేసిన వైద్యుడు. "ఎవరు కనిపెట్టారు?" అని అడిగాడు. "తొట్టి," అన్నాడు అన్నయ్య. "జానెడు లోతుదా?" అన్నాడాయన, చేతులు తుడుచుకుంటూ. "అవే నయం. మా ఇంట్లో లోతుది ఉంది, అది ఏదీ చెప్పదు."

నాలుక మానేదాకా వదిన మాట్లాడకూడదన్నారు. గీత పెరుగుతుందేమోనని అన్నయ్య భయపడ్డాడు. పెరగలేదు. వదిన గరిటె చూపించి కసిరింది, కనుబొమ్మలతో తిట్టింది, తలగడ విసిరింది. పలకలేకపోవడం వేరు, మింగెయ్యడం వేరు. ఆ తేడా నీళ్ళకు తెలుసు. అన్నయ్య పొద్దున ఆసుపత్రికీ, మధ్యాహ్నం తొట్టి దగ్గరికీ తిరిగాడు. రెంటిలో ఏదీ వదల్లేదు. ఒకనాడు గుండీ పగడాలు ఆకుపచ్చగా, అంచుల్లో నారింజరంగుతో, ఒక్కొక్కటే విప్పుకున్నాయి. ఆయన ఎవరినీ పిలవకుండా చాలాసేపు వాటి మీదకు వంగి కూర్చున్నాడు.

వదిన మళ్ళీ ముందు బల్ల దగ్గరికి వచ్చిన రోజున అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆమెకు చెరోపక్కన నిలబడ్డారు. ఆమె తొట్టి మీదకు వంగింది. పగడాలను చూసింది, కాలువలో అటూ ఇటూ పరిగెడుతున్న కొత్త చారల చేపను, అద్దానికి అంటుకున్న నత్తను చూసింది. కళ్ళు తుడుచుకుంది. తరువాత, మందమైన నాలుకతో, తడబడుతూ, మొదటి పూర్తి వాక్యం పలికింది.

"ఈ పలక రాయి ఎవరు జరిపారు?"

అన్నయ్య చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు అన్నయ్య వైపు చూసింది.

"నత్త," అన్నారిద్దరూ.

మర్నాడు పొద్దున అన్నయ్య ఒక చుక్క తీసి, కిటికీ వైపు తిరిగి, ఒంటికన్నుతో చూశాడు. డాక్టరమ్మ చెవి తలుపు వైపు సాగింది.

"మళ్ళీ పెరిగింది," అన్నాడాయన నీరసంగా.

"చెప్పెయ్ అన్నయ్యా, నా ప్రాణం తియ్యక."

"నేనే జరిపానే," అన్నాడు ముందు బల్ల వైపు తిరిగి, గొట్టం కంటి మీద నుంచి దించకుండానే. "దీపం సరిగ్గా పడట్లేదని."

కొంచెం నత్తినత్తిగా, కానీ బొత్తిగా విరామం లేకుండా, తిట్లు మొదలయ్యాయి. డాక్టరమ్మ ఆవిరి పెట్టె మూత వేసి, తలుపు బార్లా తెరిచి, పనిలో పడింది. కూనిరాగం మాత్రం తియ్యలేదు.