నేను ట్రాక్‌ని కాదు

నేను ఒక క్రిస్మస్ పాటల సీడీని. ఈ మాట అనగానే మీరు ‘పాడింది ఎవరు?’ అని అడుగుతారు. అందరూ అదే అడుగుతారు. ఎవరూ పాడలేదండీ. చీరాల జయశీలరావు శాక్సోఫోన్ వాయించాడు. వెనక మెత్తగా కీబోర్డు, ఇంకాస్త మెత్తగా డ్రమ్ములు, అంతే. ‘మాటల్లేకుండా పాటేంటి?’ అన్న ప్రతివాడి మీదా నాకు ఒళ్లు మండుతుంది. మాటలున్న ప్రతి పాటనూ చూస్తే కన్ను కుడుతుంది. దాచుకునే అలవాటు నాకు లేదు.

జయశీలరావు చాలా ఏళ్లు విశాఖపట్నం బీచ్‌రోడ్డులో ఒక హోటల్లో వాయించాడు. స్మూత్ జాజ్ అంటారు దాన్ని. భోజనానికి వచ్చినవాళ్ల మాటలకు అడ్డం రాకుండా, నీళ్ల మీద నూనెలా తేలిపోయే వాద్యం. అతను కళ్లు మూసుకుని ప్రాణం పెట్టి వాయిస్తుంటే ఎదురుగా జనం పీతలు ఒలుచుకునేవారు. చప్పట్లు కొడదామన్నా చేతుల నిండా మసాలా. ఆ హోటలు వాద్యాలు మాన్పించి పెద్ద టీవీ పెట్టుకున్నాక అతను చీరాల తిరిగొచ్చాడు. ఒక్కసారి, ఒక్కసారైనా జనం చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చుని తన వాద్యం వినాలని అతని కోరిక. అందుకోసం తాతల నాటి క్రిస్మస్ కీర్తనలు తీసుకుని, విజయవాడ స్టూడియోలో నన్ను తయారుచేశాడు. ‘తొట్టిలో వెన్నెల’ అని పేరు పెట్టాడు. అతని కోరికే నా కోరిక కూడా అయింది. కన్నవాడి బుద్ధులు ఎక్కడికి పోతాయి?

అతని భార్య సలోమి చర్చిలో పాటల బృందానికి పెద్ద. రికార్డింగుకి తననూ తీసుకెళతాడనుకుని ఆమె తెల్లచీర ఇస్త్రీ చేసి పెట్టుకుందట. “ఇందులో పాటలుండవు సలోమీ, ఒట్టి వాద్యమే” అన్నాడు ఈయన. “నా గొంతు మీ బూరకి అడ్డమొచ్చిందా?” అని ఆమె ఆ చీర మడిచి బీరువాలో పెట్టేసింది. తర్వాత సీడీలు డబ్బాలతో ఇంటికొచ్చినా ఒక్కటీ పెట్టి వినలేదు. ఆ శాక్సోఫోనుకి మాత్రం ఏం లోటు లేదు. ఎర్ర ముఖమల్ పెట్టె, తుడవడానికి పట్టుగుడ్డ, రోజూ ఆయన పెదవి. నాకు దక్కింది మూల పగిలిన ప్లాస్టిక్ డబ్బా.

చర్చి ముందు బల్ల మీద అమ్మకానికి పెట్టినప్పుడు నా పక్కన ఇంకో సీడీ ఉండేది. అట్ట మీద గాయని బొమ్మ, మెడలో ముత్యాల దండ. వచ్చినవాళ్లందరూ దాన్నే తీసుకున్నారు. చివరికి నన్ను కొన్నది బట్టల కొట్టు శెట్టిగారు. “మాటల్లేవుగా, బేరానికి అడ్డం రాదు” అన్నాడాయన. క్రీస్తు జన్మించిన శుభవార్తని నేను చెబుతుంటే కింద చీరల అంచులు, రంగు గ్యారంటీలు నడిచేవి. పీతల దగ్గర మొదలైన బతుకు చీరల దగ్గరికి చేరింది. మరుసటి డిసెంబరుకి ఆయన నన్ను చర్చికే కానుకగా ఇచ్చేశాడు. ఆ దానగుణానికి కారణం ఏమంటే, కొట్టుకి గొంతున్న సీడీ కొనుక్కున్నాడు.

చర్చిలో మైకుసెట్టు యేసుపాదం నన్ను పెట్టి కాసేపు విన్నాడు. “అబ్బా, ట్రాక్ భలేగా ఉందే!” అన్నాడు.

నా ఖర్మ ఆ మాటతో మొదలైంది. మా వైపు సభల్లో పాడేవాళ్లు వాయిద్యాలు మాత్రమే ఉన్న సీడీ తెచ్చుకుని, అది నడుస్తుంటే దాని మీద మైకులో పాడతారు. దాన్ని ట్రాక్ అంటారు. అంటే వేరేవాడి పాటకి వేసిన పీట. పాట మొత్తం శాక్సోఫోనే పాడుతోందని, నాలో ఇంకెవరికీ చోటు లేదని ఒక్కరికీ తోచలేదు. మాటల్లేవు కాబట్టి మాటలు మనం పెట్టాలనుకున్నారు. స్త్రీల సమాజం పాడింది, యవ్వనస్థులు పాడారు, సంఘపెద్ద ఒకాయన శ్రుతికి ఆమడ దూరంలో నిలబడి పాడాడు. పానకంలో పుడకలు. చప్పట్లన్నీ వాళ్లకే.

జయశీలరావు ఒకసారి ఉండబట్టలేక, “అది ట్రాక్ కాదయ్యా, అదే పాట” అన్నాడు.

“అవునన్నా, పాటేగా. అందుకే పాడుతున్నాం” అన్నాడు యేసుపాదం.

ఆ పై ఏడాది డిసెంబరు మొదట్లో సెమీ క్రిస్మస్, అంటే పండక్కి ముందే చేసుకునే వేడుక, జరిగింది. సాయంత్రం చర్చి నిండా జనం, పైన రంగుకాగితాల నక్షత్రాలు. కీబోర్డు వాయించేవాడికి జ్వరం. పాస్టరు ఆనందపాల్ అయ్యగారు ప్రసంగవేదిక దగ్గర నుంచే కేకేశారు.

“సలోమమ్మా, మీ ఆయన ట్రాక్ ఉండగా మనకేం తక్కువ? దాని మీద నువ్వు పాడమ్మా.”

“నా గొంతు వద్దనేగదయ్యగారూ ఆయన అది చేసుకుంది” అంది సలోమి. నవ్వుతూనే అంది గానీ అందరూ జయశీలరావు వైపు తిరిగారు. ఆయన తలొంచుకున్నాడు.

అయ్యగారి మాట కాదనలేక ఆమె మైకు తీసుకుంది. ఎవరు పాడినా ఓర్చుకుంటాను, ఈమె పాడితే ఓర్వలేను. ఆమె నోరు తెరిస్తే జయశీలరావు కళ్లు ఎక్కడుంటాయో చర్చిలో చాలాసార్లు చూశాను. అయినా నా దగ్గర ఒక ఎత్తు ఉంది. ఆమె పాడబోయే కీర్తనలో చరణం తెగే చోట నా వాద్యం తెగదు. దాటుకుని తర్వాతి మాట దాకా పోయి, అక్కడ ఊపిరి తీసుకుంటుంది. పాడినవాళ్లందరూ అక్కడే బోర్లాపడ్డారు. వేరేవాళ్ల గొంతుల కింద తప్ప నన్ను విని ఎరగని ఈమె ఎంత? పడుతుందని కాచుకుని కూర్చున్నాను.

ఆమె పడలేదు. చరణం దాటింది, తర్వాతి మాట అంది, సరిగ్గా అక్కడే ఆగి ఊపిరి తీసుకుంది. రెండో చరణంలో ఒక మాట చివర కొంచెం పైకి లాగింది. శాక్సోఫోనూ అప్పుడే పైకి లాగింది. సందు లేదు, తేడా లేదు. ఆమె పాడుతున్నట్టే లేదు, ఎప్పుడో పాడి పెట్టినట్టుంది. మూడో చరణం మధ్యలో ఆమె నోరు ఆగిపోయింది. నేను ఒంటరిగా సాగాను. చర్చి మొత్తంలో మోగుతున్నది నేనొక్కటే. అయినా ఎవరూ నన్ను వినడం లేదు, ఆమెను చూస్తున్నారు.

సలోమి మైకు వదలకుండానే భర్త కూర్చున్న బెంచీ దగ్గరికి నడిచింది.

“ఏవండీ, ఇది నేను వంటింట్లో పాడుకునే పద్ధతి కదా?”

మైకులో ఊరందరికీ వినపడింది.

“ఆ పాట నాకు ఇంకెవరి దగ్గరొచ్చింది?” అన్నాడు జయశీలరావు.

“మరి నన్నెందుకు తీసుకెళ్లలేదు?”

“నువ్వు పక్కన పాడుతుంటే నేను వింటా కూర్చుంటా సలోమీ. ఇంక వాయించేదెవరు?”

ఆడవాళ్ల వైపు నుంచి నవ్వులు లేచాయి. “ఆ ముక్క అప్పుడే చెప్పుంటే ఏం పోయింది, మహానుభావా!” అని ఆమె చీరకొంగుతో కళ్లు తుడుచుకుంది. అయ్యగారు ప్రార్థన అందుకున్నారు. నన్ను ఎవరు ఆపారో కూడా నాకు గుర్తులేదు.

సలోమి యేసుపాదాన్ని అడిగి నన్ను ఇంటికి తెచ్చుకుంది. డబ్బాల నిండా నా తోబుట్టువులు ఉండగా, ఆ రోజు మోగినదే కావాలంది. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం పనులయ్యాక నన్ను పెడుతుంది. చాప మీద గోడకి ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని వింటుంది. పాడదు. టీవీ పెట్టదు. పక్కింటావిడ పిలిచినా “ఉండు వదినా, అయ్యాక వస్తా” అంటుంది. పుట్టినప్పటినుంచీ నేను ఏడ్చింది ఇందుకే. అక్షరాలా ఇదే దొరికింది.

కానీ ఊపిరి తీసుకునే ప్రతిచోటా ఆమె పెదవులు కొద్దిగా విడతాయి. వినేది తన గొంతునే. గడప దగ్గర కూర్చున్న జయశీలరావు ఆ పెదవులనే చూస్తుంటాడు. పాట అయిపోయిందని కూడా వాళ్లిద్దరూ గమనించరు. నేను ఆగిపోయి, అలాగే వాళ్లను చూస్తూ ఉంటాను.