పెట్టెలో నీలం మూల

మామగారికి కోపం ముక్కు మీదే ఉంటుందని కోడలికి పెళ్ళికి ముందే చెప్పారు. ఎందుకొస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. కాపురానికొచ్చాక తనే తెలుసుకుంది. ఆయనను ఏమన్నా పడతారు, ఆయన పెట్టెను అంటే మాత్రం ఊరుకోరు.

పెట్టె అంటే ఇంటి వెనక షెడ్డులో ఉన్న డ్రయ్యర్. బీరువా అంత ఉంటుంది. అడుగున హీటరు, ఫ్యాను, పైన వరసలు వరసలుగా జల్లెడ ట్రేలు, వాటి నిండా టమాటా ముక్కలు. పొద్దున పెడితే సాయంత్రానికి ఎండిపోతాయి. ఫ్యాక్టరీ మూతపడి వెల్డింగు పని పోయినప్పుడు, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా నెలల తరబడి గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషి, ఓ రోజు లేచి తన చేతులతో చేసుకున్న వస్తువది. ఆ తర్వాత ఇల్లు గడిచింది దాంతోనే.

ఇప్పుడు సరుకు చాలట్లేదని, అచ్చం అలాంటిదే రెట్టింపు సైజులో ఇంకోటి చేస్తానని ఆయన కూర్చున్నారు. కోడలి ఉద్యోగమేమో సిమ్యులేషన్. వస్తువు చెయ్యకముందే దాన్ని కంప్యూటర్లో కట్టేసి, అందులో గాలి ఎలా నడుస్తుందో, వేడి ఎక్కడ ఆగుతుందో చూసే పని. "రేకు కొయ్యకముందు ఒకసారి మీ కోడలికి చూపించండి నాన్నా" అని కొడుకు ఓ మాట పడేసి ఆఫీసుకు చెక్కేశాడు. ఇరుక్కున్నది కోడలు.

పెట్టెను టేపుతో కొలుస్తుంటే రెండో కొస అత్తగారు పట్టుకున్నారు, ఎడమ చేత్తో. కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. బరువు ముట్టుకున్నావంటే ఇక ఆ చెయ్యి పనికిరాదని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

"ఏం చేసుకున్నారత్తయ్యా ఈ చేతిని?"

"వయసమ్మా. ఇంకేముంది?" అన్నారావిడ, టేపు వంకే చూస్తూ.

కంప్యూటర్లో గాలిని వదిలింది కోడలు. గాలికి ఎంత బద్ధకమంటే, దగ్గర దారి దొరికిందా, దూరం పోదు. ఫ్యాను దగ్గర బయల్దేరి, కుడి గోడ పట్టుకుని, తిన్నగా పై గొట్టంలోంచి బయటపడింది. వేడి ఉన్న చోటంతా తెర మీద ఎర్రగా ఉంది. ఎడమ పక్క వెనక మూల మాత్రం పైనుంచి కిందిదాకా నీలం. అంటే ఆ మూల ట్రేలు సాయంత్రానికి కూడా పచ్చిగానే ఉండాలి.

సాయంత్రం ఆ మాట చెప్పగానే మామగారి ముక్కు ఎర్రబడింది. "నా పెట్టెలో నీలమేంటమ్మా?" అంటూ షెడ్డులోకెళ్ళి, సరిగ్గా ఆ మూల ట్రేలోంచే గుప్పెడు ముక్కలు తెచ్చారు. "విరిచి చూడు."

విరిస్తే టప్పున విరిగింది. మచ్చుకైనా తడి లేదు.

"మీ కంప్యూటర్‌కి టమాటాలు ఎండబెట్టడం రాదులే" అని నవ్వేశారాయన. "ఈ వారంలో రేకు కోసేస్తున్నా."

కోడలికి తల కొట్టేసినట్టయింది. ఫ్యాను వేగం సరిచూసింది, ట్రే చిల్లులు సరిచూసింది. లెక్క ఎన్నిసార్లు వేసినా అదే మూల, అదే నీలం. చివరికి విసుగొచ్చి, ముక్కలు తూకం వేసి చూద్దామని మూల ట్రే పిడికి ఎర్రదారం కట్టింది. సాయంత్రం తలుపు తీస్తే ఎర్రదారం ట్రే ముందు వరసలో, తలుపు పక్కనే నిక్షేపంగా కూర్చుని ఉంది!

మర్నాడు సెలవు పెట్టింది. భోజనాలయ్యాయి. మామగారు గురక మొదలుపెట్టారు. అత్తగారు చప్పుడు చెయ్యకుండా లేచి షెడ్డులోకి వెళ్ళారు. వెనకే కోడలూ వెళ్ళింది. ఆవిడ మూల ట్రేలను ఒక్కొక్కటే ఎడమ చేత్తో లాగి, నడుముకు ఆనించుకుని, లేవని కుడి చేత్తోనే పళ్ళ బిగువున ఎత్తి ముందు వరసలో పెడుతున్నారు. ముందువి మూలకు పోతున్నాయి. కోడలిని చూసి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?"

"మొదటిసారి ఆ మూల ముక్కలు బూజు పట్టాయమ్మా. ఆయన చూడకముందే పారేశాను. అన్ని నెలల తర్వాత ఆ రోజే మనిషి నవ్వాడు. ఆ మొహం చూసి, మీ పెట్టెలో లోపముందని ఎలా చెప్పను? రెండోసారి నుంచి ఆయన పడుకున్నప్పుడు ఇలా మార్చేస్తున్నా. నీకు దణ్ణం పెడతా, ఆయనతో అనకు."

"ఈ చేత్తోనా? రేపు రెట్టింపు పెట్టె వస్తే దానికీ ఇలాగే మారుస్తారా?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. కోడలికి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. చెప్పనని మాటైతే ఇచ్చింది.

చెప్పలేదు కూడా. కాకపోతే ఆ పిల్లా తక్కువదేం కాదు. మర్నాడు సరిగ్గా నిద్రవేళకి, "కాసేపు నిద్ర ఆపుకోండి మామయ్యా, ఒక్కసారి చూసి తిట్టండి" అని బతిమాలి ఆయనను ముందు గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. ఆయన లోపల పడుకున్నారనుకునేలా పడకగది తలుపు దగ్గరగా వేసింది.

మామగారు తెర మీద గాలి కదలడం చూశారు. వేలు ఫ్యాను దగ్గర పెట్టి, గాలి వెంటే కుడి గోడ మీదుగా పై గొట్టందాకా నడిపించారు. ఎంతైనా రేకులతో బతికిన మనిషి.

"అవును. ఇటే పోతుంది" అన్నారు నెమ్మదిగా. "మరి ఈ మూల ముక్కలు ఎలా ఎండుతున్నాయమ్మా?"

కోడలు తల దించుకుంది. షెడ్డులో ట్రే ఇనప పట్టీకి తగిలి ఠంగుమంది.

ఆయన కోడలి వంక చూశారు, నీలం మూల వంక చూశారు, లేచి వెళ్ళారు. కోడలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అత్తగారి చేతుల్లో ట్రే ఉంది. మామగారు ముందు దాన్ని అందుకుని కింద పెట్టారు.

"వయసు అన్నావు కదే" అన్నారు. "డాక్టరు ముందు కూడా వయసే అన్నావు. నా సంతోషం కోసం చెయ్యి పోగొట్టుకుంటావా? ఒక్క మాట చెబితే నేను చచ్చిపోయేవాణ్ణా?"

"అప్పుడు మీరున్న తీరుకి... ఏమో, భయమేసింది" అన్నారావిడ.

ఆయన ఆవిడ కుడి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని భోరుమన్నారు. కోపిష్టి మనిషి ఏడిస్తే చూడటం కష్టం. కోడలు లోపలికి వచ్చేసింది.

కొత్త పెట్టె ఆగింది. ముందు పాతదాని సంగతి తేలాలన్నారాయన. కుడి గోడకు రేకు ముక్క వంచి బిగిస్తే గాలి మూలకు మళ్ళుతుందని కంప్యూటర్ చెప్పింది. ఎంత వంచాలో కోడలు చెప్పింది, మామగారు వంచారు. ఈసారి ముక్కు ఎర్రబడలేదు.

మొదటి రోజు మధ్యాహ్నం అలవాటు కొద్దీ అత్తగారి కాళ్ళు షెడ్డు వైపే లాక్కెళ్ళాయి. అక్కడ మామగారు నిద్ర మానేసి, పెట్టె ముందు స్టూలేసుకుని కాపలా కూర్చున్నారు. సాయంత్రందాకా ఎవర్నీ తలుపు ముట్టుకోనివ్వలేదు. సాయంత్రం తనే తెరిచి, మూల ట్రేలోంచి ఓ ముక్క తీసి ఆవిడ నోట్లో పెట్టారు.

"ఎలా ఉంది?"

"బాగా ఎండిందండీ."

"నా మొహం చూడకు. ముక్క సంగతి చెప్పు."

ఆవిడ మెల్లగా నమిలారు. కోడలి వంక చూశారు, ఆయన వంక చూశారు, గుటక మింగారు.

"కొంచెం... పచ్చిగానే ఉంది."

మామగారు షెడ్డు అదిరేలా నవ్వారు. "విన్నావా కోడలా! పచ్చిగా ఉందంట! ఆ రేకు ఇంకెంత వంచాలో లెక్క చూడు" అంటూ సుత్తి కోసం వెతుక్కుంటున్నారు. అత్తగారు ఆయన ఖాళీ చేసిన స్టూలు మీద కూర్చుని, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు.